లైకులు కొడితేనే హైకా?

సంపాదకుడు గారికి,
నమస్కారం.

ఏప్రిల్ వచ్చిందంటే మా ఐటీ వాళ్ల ఇళ్లలో మాటలన్నీ హైకు, అంటే జీతం పెంపు చుట్టూనే. ఈసారి మా అప్రైజల్ (ఏడాది పనికి మార్కులు వేసే) ఫారంలో కొత్త కాలమ్ చేరింది: సోషల్ మీడియాలో కంపెనీకి మీరు ఏపాటి ప్రచారం చేశారు? దానికి పెట్టిన పేరు 'బ్రాండ్ అడ్వొకసీ'.

జరిగేది ఇదీ. రాత్రి తొమ్మిదిన్నరకు పిల్లలకు అన్నం కలుపుతుంటే టీమ్ వాట్సాప్ గ్రూపులో ఓ లింకు పడుతుంది: ఉద్యోగస్తుల సోషల్ మీడియా సైటు లింక్‌డిన్‌లో మా కంపెనీ పెట్టిన పోస్టుది. అందరూ లైక్ కొట్టి, కామెంట్ రాసి, షేర్ చేసి స్క్రీన్‌షాట్ పెట్టాలి. తెల్లారేసరికి ఎక్సెల్ షీటు రెడీ. చేసినవాళ్ల పేరు పక్కన ఆకుపచ్చ, చేయనివాళ్లకు ఎరుపు. మా టీమ్‌లో ఒకాయన సంక్రాంతికి ఊరెళ్లకుండా మూడు రాత్రులు కూర్చుని క్లయింట్ సర్వర్‌ను నిలబెట్టారు. ఆయనకు లింక్‌డిన్ ఖాతాయే లేదు. షీటులో ఆయన వరుస ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎరుపే. రేటింగూ ఆ రంగుకు తగ్గట్టే వచ్చింది. నేనైతే ప్రతి పోస్టు కిందా 'సో ప్రౌడ్' అని అతికించి గట్టెక్కాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

ఖాతా చూస్తే పనితనం తెలుస్తుందా? 2016లో 'జర్నల్ ఆఫ్ మేనేజ్‌మెంట్'లో వచ్చిన అమెరికా అధ్యయనం ఒకటుంది. ఉద్యోగాలు వెతుక్కుంటున్న 416 మంది విద్యార్థుల ఫేస్‌బుక్ పేజీలకు రిక్రూటర్లతో మార్కులు వేయించారు. వాళ్లు ఉద్యోగాల్లో చేరాక సూపర్‌వైజర్లు ఇచ్చిన రేటింగులతో పోలిస్తే ఎక్కడా పొంతన కుదరలేదు. పైగా మార్కులు ఆడవాళ్లకు, తెల్లవాళ్లకు మొగ్గాయి. అది ఎంపికల గురించి కదా అంటారేమో. అప్రైజల్ మాత్రం ఏమంత గట్టిది? నాలుగు వేలకు పైగా మేనేజర్లకు వచ్చిన రేటింగులను స్కల్లెన్, మౌంట్, గాఫ్ అనే పరిశోధకులు 2000లో పరిశీలించారు. ఆ మార్కుల్లో తేడాలకు సగానికి పైగా కారణం మార్కులు వేసినవారి సొంత ధోరణేనని తేల్చారు. అసలే చిల్లుకుండ. ఇప్పుడు అందులో లైకులు పోస్తున్నాం.

చట్టం ఆదుకుంటుందా అంటే అదీ లేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, మనంతట మనమే బహిరంగంగా పెట్టిన సమాచారానికి వర్తించదు. ఉద్యోగ అవసరాల కోసమైతే యజమాని మన సమ్మతి అడగక్కర్లేదు కూడా. ఉద్యోగుల సోషల్ మీడియా పాస్‌వర్డ్ అడగకూడదని అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రం 2012లోనే చట్టం చేసింది. మమ్మల్ని పాస్‌వర్డ్ ఎవరూ అడగడం లేదు. మా పేరు, మా ఫొటో, మా స్నేహితుల లిస్టు అడుగుతున్నారు.

ప్రచారం కావాలంటే మార్కెటింగ్ విభాగం ఉంది, దానికి బడ్జెట్టూ ఉంది. సొంత ఖాతాలో ఏం పెట్టాలో, పెట్టకూడదో ఉద్యోగి ఇష్టమనీ, దానికి రేటింగుతో సంబంధం లేదనీ కంపెనీలు అప్రైజల్ పాలసీలోనే రాసేలా కార్మిక శాఖ చూడాలి. తక్కువ రేటింగు ఇస్తే కారణం కాగితం మీద ఇవ్వాలి.

ఈ ఉత్తరం వేస్తే దయచేసి నా పేరు వేయకండి. మా హెచ్‌ఆర్ వాళ్లు మీ పత్రిక రోజూ ఫోన్లో చదువుతారు.

– ఒక ఐటీ ఉద్యోగిని, కూకట్‌పల్లి, హైదరాబాద్