పిల్ల గుర్రాన్ని కిటికీ దగ్గర పెట్టకు

చిన్నీకి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ నాన్న కళ్లజోడు మార్చారు. కొత్తది పెట్టుకుని మెట్లు దిగేటప్పుడు తడబడుతున్నారు, అలవాటయ్యేదాకా గోడ పట్టుకుని దిగండి అంటే వినరు. పెద్దత్త మోకాలు కాస్త నయం. నేను వెనక గది సర్దుతున్నాను. అంతకంటే విశేషాలు లేవు.

నువ్వు ఫోన్ చేసి పన్నెండు రోజులైంది. పనిగట్టుకుని లెక్కపెట్టలేదు. నాన్న మందుల డబ్బాలో రోజుకో గడి ఖాళీ అవుతుంటుంది కదా, అలా తెలిసిపోయింది. మెసేజ్ పెడితే "బిజీ అమ్మా" అని రెండే మాటలు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఫోన్లో అయితే నువ్వు వెంటనే జవాబు చెప్పాలి, నేను వెంటనే ఇంకోటి అడుగుతాను, చివరికి ఇద్దరం చిరాకు పడతాం. ఇది అయితే ఎప్పుడు వీలైతే అప్పుడు చదువుకోవచ్చు.

వెనక గది అన్నాను కదా, అల్మరా పై అరలో నీ మొదటి బొమ్మ గుర్రాలు దొరికాయి. అరచేతిలో పట్టేవి, స్టేబుల్‌మేట్స్ అంటావే, అవి. నాలుగూ ఉన్నాయి. వెనక కాలు విరిగితే మీ నాన్న గమ్ పెట్టి అతికించిన గుర్రం ఇంకా నిలబడుతోంది, కాకపోతే పక్కకు ఒరుగుతోంది. అట్టపెట్టె మూత మీద వాటి పేర్లు నువ్వు పెన్సిల్‌తో రాసుకున్నావు. ఒక పేరు కొట్టేసి ఇంకోటి రాశావు, మళ్లీ అదీ కొట్టేశావు. పొడిగుడ్డతో తుడిచి మళ్లీ ఆ పెట్టెలోనే పెట్టాను. తడిగుడ్డ వాడలేదు, నువ్వు ఒకసారి కోప్పడ్డావు, గుర్తుంది.

అక్క చెప్పింది. దాన్నేం అనకు, దానంతట అది చెప్పలేదు, నేనే గుచ్చి గుచ్చి అడిగాను. ఆ నీలం గుర్రం అమ్ముతామన్నవాళ్లు ఆఖరి నిమిషంలో ఇవ్వలేమన్నారట. అది విని బాధపడ్డాను. అయితే ఇంకో మాట కూడా చెప్పింది, నువ్వు ఉన్న గుర్రాలన్నీ అమ్మేస్తానంటున్నావని. అప్పట్నుంచి నా మనసు మనసులో లేదు.

అమ్మకేం తెలుసులే అనుకోకు. పదిహేడేళ్లుగా నువ్వు చెబుతుంటే విన్నదాన్ని. 1950లో చికాగోలోని బ్రేయర్ అనే ప్లాస్టిక్ కంపెనీ వాళ్లు ఒక గడియారాల కంపెనీ కోసం గడియారం పక్కన నిలబెట్టడానికి ఒక గుర్రాన్ని చేసిచ్చారనీ, గడియారం సంగతి పోయి గుర్రమే కావాలని జనం అడిగారనీ నువ్వు చెప్పిన రోజు నాకు ఇప్పటికీ గుర్తే. నీకు జ్వరం, పడుకోమంటే పడుకోకుండా దుప్పటి కప్పుకుని కూర్చుని చెప్పావు. మొదట్లో గుర్రాల అచ్చులు చాలావరకు చెక్కింది క్రిస్ హెస్ అనే ఆయనేననీ, ఆయన పేరు కూడా చాలామందికి తెలియదనీ నీకు ఒకటే బాధ.

ఆ నీలం రంగు పేరు కోపెన్‌హాగెన్. ఒళ్లంతా నీలం మీద చుక్కలు, తెల్లటి జూలు, తెల్లటి తోక, పైన నిగనిగలాడే మెరుపు. అలాంటివే బంగారు రంగువి రెండు రకాలు, మెరుపు లేని లేత నీలంది ఒకటి. 1960ల్లో ఇంటి అలంకారానికని, నిజం గుర్రానికి ఎక్కడా ఉండని రంగులు వేసి చేశారు. అప్పట్లో సరిగ్గా అమ్ముడుపోలేదు, త్వరలోనే ఆపేశారు, అందుకే ఇప్పుడు వాటికోసం ఇంత వెతుకులాట. వాటిలో పరుగెత్తే పిల్ల గుర్రం నీ దగ్గర ఉంది. ఎవరో పాత బొమ్మలన్నీ కలిపి పెట్టెతో అమ్మేస్తుంటే అందులో కనిపించింది. ఆ రోజు నువ్వు ఫోన్ చేసి ఏడుస్తూ నవ్వావు, నాకు సగం మాటలు అర్థం కాలేదు. ఆ తర్వాత ఆరేళ్లుగా దాని తల్లి కోసం చూస్తున్నావు. రెండూ పక్కపక్కన పరుగెత్తుతున్నట్టు నిలబెట్టాలని.

ఇంత తెలిసిన నాకు నువ్వు చెప్పకపోతే ఎలా? అక్క దగ్గర వినాల్సి వచ్చింది.

ఆ తల్లి గుర్రం డబ్బు మూడు వాయిదాల్లో కట్టడానికి ఒప్పుకున్నారట, రెండు కట్టావట. అరలో చోటు ఖాళీ చేసి పెట్టుకున్నావట. సరిగ్గా మూడోది కట్టే ముందు రోజు "సారీ, మనసు మార్చుకున్నాం" అని ఒక్క ముక్క. డబ్బు అదే రోజు తిరిగి పంపించేశారని తెలిసి మీ నాన్న "ఇంకేం, నష్టం లేదుగా" అన్నారు. ఆయన మాట మనసులో పెట్టుకోకు. ఆయనకు డబ్బు తిరిగొస్తే లెక్క సరిపోయినట్టే. ఆ రెండు నెలలూ నువ్వు ఆ గుర్రాన్ని తెచ్చేసుకున్నట్టే బతికావని నాకు తెలుసు.

నాకు ఎక్కువ కష్టంగా ఉన్నది వేరే. మొదటి వాయిదా కోసం ఆ తెల్లపూత గుర్రాన్ని అమ్మేశావట కదా, చాకీ అంటావే, అది. 1970ల్లో చమురు కొరత వచ్చినప్పుడు తెల్ల ప్లాస్టిక్ సరిగ్గా దొరక్క, ఏ రంగు దొరికితే ఆ రంగు ప్లాస్టిక్‌తో పోతపోసి, పైన తెల్ల సున్నంలాంటి పూత వేసి, ఆ తర్వాత రంగు వేశారని చెప్పావు. దాని కాలి కింద పూత కాస్త ఊడి, లోపలి ప్లాస్టిక్ కనిపిస్తే మురిసిపోయి చూపించావు. ఆ గుర్రం ఇప్పుడు ఎవరింట్లో ఉందో. అది కూడా పోయింది, ఇది కూడా రాలేదు.

చెప్పకూడదనుకున్నాను, చెబుతున్నాను. ఇంకోసారి ఎవరి దగ్గర వాయిదాల్లో కొన్నా, మొదటి పైసా కట్టకముందే అన్నీ రాతలో పెట్టుకో. ఎన్ని వాయిదాలు, ఏ తేదీకి, నువ్వు వెనక్కి తగ్గితే ఏంటి, వాళ్లు తగ్గితే ఏంటి, పంపడానికి అయ్యే ఖర్చు ఎవరిది, దారిలో విరిగితే ఎవరిది. మాట మీద వదలకు. డబ్బు పంపేటప్పుడు స్నేహితులకు పంపినట్టు పంపకు, కొన్నవాళ్లకు రక్షణ ఉండే పద్ధతిలోనే పంపు, ఆ నాలుగు రాళ్ల చార్జీ పోతే పోనీ. గుర్రం నాలుగు పక్కలా ఫోటోలు, చెవులు, కాలి గిట్టలు దగ్గరగా అడిగి తీసుకో. ముఖ్యంగా వచ్చేది చేతికి రాకముందే ఉన్నదాన్ని అమ్ముకోకు. ఇది గుర్రాలకు మాత్రమే కాదు, ఉద్యోగానికీ అంతే. నువ్వు ఈ ఉద్యోగం మారతానన్నప్పుడు కూడా ఇదే చెప్పాను, ఇల్లు ఖాళీ చేసినప్పుడూ ఇదే చెప్పాను. సరే, ఆపుతాను.

నీకెప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెబుతాను. మీ నాన్నకు తప్ప ఎవరికీ తెలియదు.

వెనక గదిలో అమ్మమ్మ కుట్టుమిషను ఉంది కదా. అమ్మమ్మ పోయాక మనం ఇల్లు మారేటప్పుడు దాన్ని అమ్మేద్దామనుకున్నాం. కొత్త ఇంట్లో చోటు లేదు, నాకు కుట్టు రాదు. ఆ నోటా ఈ నోటా తెలిసి ఒకావిడ వచ్చింది. మూడుసార్లు వచ్చి చూసింది. ప్రతిసారీ చక్రం చేత్తో తిప్పి, చెవి దగ్గర పెట్టి చప్పుడు వినేది. బాబిన్ తీసి చూసి, మళ్లీ పెట్టి, బెల్టు కొత్తది వేయించాలి, మిగతాదంతా బాగుంది అంది. బేరం కూడా ఆడలేదు. చిన్న పర్సులోంచి అడ్వాన్సు తీసి లెక్కపెట్టి ఇచ్చి, ఆదివారం బండి తెచ్చుకుంటానంది. నేను సరేనన్నాను. నోటితో చెప్పాను, డబ్బు తీసుకున్నాను.

శనివారం రాత్రి, శుభ్రం చేసి ఇద్దామని నూనె వేశాను. నూనె పాకాలని కాస్త తొక్కాను. ఆ చప్పుడుకు నువ్వు నిద్రలేచి వచ్చావు. నీకు అప్పుడు మూడేళ్లు. ఆ తొక్కే పలక నీ గుర్రం. అమ్మమ్మ కుడుతుంటే దాని మీద ఓ చివర కూర్చుని ఊగేదానివి, ఆవిడ ఒక్కరోజూ దిగమనలేదు, నీ వేళ్లు నలగకుండా ఒక కాలితోనే తొక్కేది. ఆ రాత్రి వచ్చి అలాగే ఎక్కి కూర్చుని "తొక్కు" అన్నావు. తొక్కాను. చాలాసేపు తొక్కాను. సూదిలో దారం లేదు, కింద గుడ్డ లేదు.

పొద్దున ఆవిడ బండి మాట్లాడుకుని, కొడుకును సాయం తెచ్చుకుని వచ్చింది. గుమ్మంలోనే చెప్పేశాను. లోపలికి రమ్మని కూడా అనలేదు, వస్తే మిషను కంటపడుతుందని. "ఎవరైనా ఎక్కువ ఇస్తామన్నారా? చెప్పండి, చూస్తాను" అంది. లేదన్నాను. "మరి?" అంది. నా దగ్గర జవాబు లేదు. మా అమ్మదండీ అని మాత్రం అన్నాను. అది ఆవిడకు ముందే తెలుసు కదా. అడ్వాన్సు చేతిలో పెట్టాను, లెక్కపెట్టుకుంది. బండి కిరాయి ఇస్తానంటే తీసుకోలేదు. వెళ్తూ వెళ్తూ కొడుకుతో అంటుంటే విన్నాను, స్కూలు యూనిఫారాలు కుడతానని అప్పటికే ఎవరికో ఒప్పుకుందట.

తర్వాత రెండుసార్లు దారిలో ఎదురుపడింది. రెండుసార్లూ నేనే పక్కకు తిరిగాను.

నేను చేసింది తప్పు. ఇన్నేళ్లయినా తప్పే. అమ్మలేనని ముందు రోజైనా కబురు పెట్టాల్సింది, బండి మాట్లాడుకోకుండా ఉండేది. అసలు అడ్వాన్సు తీసుకునే ముందే ఒకసారి తొక్కి చూసుకోవాల్సింది. నీ గుర్రం ఇవ్వనన్నవాళ్లు ఎందుకు ఇవ్వనన్నారో మనకు తెలియదు. ఎక్కువ డబ్బుకు ఆశపడ్డారో, పెట్టెలో సర్దుతూ చేతిలోకి తీసుకుని ఇక వదల్లేకపోయారో. రెండోదే అయినా నీకు చేసింది సరైంది కాదు. వాళ్ల మీద కోపం తెచ్చుకో, నేను వద్దనను. ఆవిడ నా మీద కోపం తెచ్చుకోకుండా ఊరుకున్నందుకే నాకు ఇప్పటికీ నిద్ర పట్టని రాత్రులుంటాయి.

కానీ వాళ్ల మీద కోపంతో నీ గుర్రాల్ని ఇంటి నుంచి పంపేయకు చిన్నీ. అవేం చేశాయి? ఒక్కొక్కటీ నువ్వు ఎలా తెచ్చుకున్నావో నాకు తెలుసు. నిజంగా నీకు మనసు విరిగిపోయిందనుకుంటే ఆరు నెలలు పెట్టెల్లో పెట్టు. ఇక్కడికి పంపు, వెనక గదిలో చోటు చేస్తున్నాను. అందుకే సర్దుతున్నాను, నిజం చెప్పాలంటే. ఆరు నెలల తర్వాత కూడా వద్దనుకుంటే అప్పుడు అమ్ముదువుగాని, నేను అడ్డుపడను.

పంపేట్టయితే మాత్రం జాగ్రత్తగా కట్టు. ముందు మెత్తటి టిష్యూ కాగితం చుట్టు, ఆ తర్వాతే బబుల్ ర్యాప్. మెరుపు పూత మీద నేరుగా చుడితే బుడగల అచ్చులు పడతాయని నువ్వే చెప్పావు. కాళ్ల మధ్య కూడా కాగితం కూరు. పెట్టెలో పెట్టి, ఆ పెట్టెను ఇంకో పెద్ద పెట్టెలో పెట్టు. ఎండలో నిలబడే బండిలో పంపొద్దు, ఆ అసిటేట్ ప్లాస్టిక్ వేడికి కాళ్లు వంగిపోతాయి.

అమెరికాలో కెంటకీలో జులైలో జరిగే బ్రేయర్ గుర్రాల సంబరం, ఆ బ్రేయర్‌ఫెస్ట్‌కు ఎప్పటికైనా వెళ్లాలన్నావు. 1990 నుంచి జరుగుతోందనీ, హోటల్లో దిగినవాళ్లు గది తలుపులు తీసిపెట్టి మంచాల మీద గుర్రాలు పరిచి అమ్ముతారనీ, రాత్రి పొద్దుపోయేదాకా గది గదికీ తిరగొచ్చనీ గంటసేపు చెప్పావు. ఆ రోజు నాకు కాలు నొప్పిగా ఉన్నా ఫోన్ పెట్టేయబుద్ధి కాలేదు. అంత సంతోషంగా నువ్వు మాట్లాడి చాలా రోజులైంది. అలాంటి ఏదో గదిలోనే ఆ తల్లి గుర్రం ఉండొచ్చు. వెళ్లు. డబ్బు చాలకపోతే అడుగు. మీ నాన్న గొణుగుతారు, ఇస్తారు.

రాత్రిళ్లు ఎన్నింటికి పడుకుంటున్నావు? అక్క నీకు ఒంటిగంటకు మెసేజ్ పెడితే వెంటనే చూశావట. ఫోన్ పక్కన పెట్టి పడుకో. అమ్మకానికి కొత్తగా ఏం వచ్చాయో పొద్దున చూడొచ్చు. తలనొప్పి మళ్లీ వస్తోందా? కళ్లు చూపించుకోమని పోయినసారే చెప్పాను. ఖాళీ చేసిన అరలో ఏదో ఒకటి పెట్టు, లేచిన వెంటనే ఆ ఖాళీ కనిపించేలా ఉంచుకోకు.

ఆదివారం సాయంత్రం ఫోన్ దగ్గరే ఉంటాను. మాట్లాడాలనిపించకపోతే గుర్రాల ఫోటో ఒకటి పంపు, చాలు.

అమ్మ

మరిచిపోయాను. పోయిన నెల నువ్వు పంపిన ఫోటోలో పిల్ల గుర్రం కిటికీ అంచు మీద ఉంది, ఎండ సూటిగా పడుతోంది. నీలం రంగు వెలిసిపోతుంది. తీసి లోపల పెట్టావా లేదా, అదొక్కటి వెంటనే మెసేజ్ పెట్టు.