శాన్‌హోసే నుంచి అమ్మకు

అమ్మా,

నువ్వూ నాన్నగారూ కులాసా అని తలుస్తాను. మేం ముగ్గురం బాగున్నాం. ఆఫీసు పని మామూలే. పాపకు జలుబు తగ్గింది, బడికి వెళుతోంది.

నేనిక్కడ కమ్యూనిటీ కాలేజీలో బయాలజీ క్లాసుకు వెళుతున్నానని విని "ఎం.కామ్. చదివిన పిల్లకు మళ్లీ ఇంటర్ పాఠాలేమిటి" అని మావయ్య అన్నారని చెప్పావు కదా, అప్పటి నుంచి మనసు మనసులో లేదు. కమ్యూనిటీ కాలేజీ అంటే ఎక్కడా సీటు రానివాళ్లు చేరే చోటు కాదమ్మా. ఇక్కడ రెండేళ్లు చదివి విశ్వవిద్యాలయానికి మారేవాళ్లు ఎందరో. ఇక్కడ కోర్సులను యూనిట్లలో లెక్కేస్తారు, కాలిఫోర్నియా వాసులకు యూనిట్‌కు 46 డాలర్లే ఫీజు. నర్సింగులో చేరాలంటే అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ కావాలి. వాటికి పునాది ఈ జనరల్ బయాలజీయే. మావయ్యకు నెమ్మదిగా చెప్పు, తగవు మాత్రం వద్దు.

ఈ వారం ల్యాబులో ఉల్లిపాయ వేళ్ల కొనలు చూశాం. కణాలు జోరుగా విభజన చెందేది అక్కడే. కొనను ఆమ్లంలో మెత్తబరిచి, రంగు పట్టించి, గాజు పలక మీద పెట్టి, పైన పల్చటి గాజుబిళ్ల కప్పి బొటనవేలితో నిలువుగా అదమాలి. వేలు పక్కకు జరిగిందా, కణాలన్నీ చెదిరిపోతాయి. మైక్రోస్కోపులో మొదట అంతా మసక. మర మెల్లగా తిప్పుతుంటే ఒక కణంలో క్రోమోజోములు నడిమిన బారుతీరి కనిపించాయి. పక్క కణంలో రెండు జట్లుగా విడిపోయి, చెరో కొసకూ వెళుతూ వెళుతూ ఆగిపోయి ఉన్నాయి! నా పక్కన కూర్చునే వియత్నాం అబ్బాయిని పిలిచి చూపించాను. ఇంటికొచ్చి ఆయనకు చెబుతూ కూర్చుంటే అన్నం చల్లారిపోయింది.

కణాలకు శక్తినందించే ఏటీపీ అనే పదార్థం గురించి పాఠం చెప్పిన రోజున తాతయ్య గుర్తొచ్చారు. భీమవరం పేరెత్తితే చాలు, యల్లాప్రగడ సుబ్బారావు గారి కథ మొదలుపెట్టేవారు కదా. మా పుస్తకంలో ఆయన పేరు లేదు. ఊరుకోలేక చెయ్యెత్తాను. 1929లో హార్వర్డ్‌లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి కండరాల్లో ఏటీపీని గుర్తించినాయన మా భీమవరంలో పుట్టారని చెప్పాను. మేడమ్ నాచేత ఆ పేరు బోర్డు మీద రాయించారు. తాతయ్య ఉంటే ఎంత మురిసిపోయేవారో.

రాత్రి క్లాసుకు ఒక్కదాన్నే వెళుతున్నానని దిగులు పడకు. కాలేజీ ఆవరణంతా దీపాలుంటాయి, బయలుదేరేముందు ఆయనకు ఫోను చేస్తాను. నాన్నగారి షుగరు ఎంతుందో నాకు రాయనేలేదు. మొన్న అడిగితే మాట దాటేశావు. రిపోర్టు ఫోటో తీసి పంపించు, చూసేదాకా నిద్ర పట్టదు.

పెద్దమ్మ వాళ్ల అబ్బాయి వచ్చేటప్పుడు గోంగూర పచ్చడి ఇచ్చి పంపు. కందిపొడి ఇంకా ఉంది.

నీ చిన్నమ్మాయి