మన సంఘం వార్షిక నివేదిక: చీపురు పట్టిన పునీతుని బాటలో

విచారణ గురువులకు, సంఘ పెద్దలకు, సభ్యులందరికీ వందనాలు.

ఏటా నివేదికను జనవరి నుంచి మొదలుపెట్టి చదవడం మన అలవాటు. ఈసారి నవంబర్ 3న జరుపుకున్న పునీత మార్టిన్ దె పోరస్ గారి పండుగ దగ్గర మొదలుపెడుతున్నాను. ఈ ఏడాది మనం చేసిన పనుల్లో చెప్పుకోదగ్గవన్నీ ఆ పండుగ కోసం పెట్టుకున్న మీటింగులోనే పుట్టాయి.

ఆ రోజు సీరియల్ లైట్ల గురించి, మైకు సెట్టు గురించి లెక్కలు వేసుకుంటున్నాం. వెనక కూర్చున్న పెద్దమ్మ ఒకావిడ లేచి, "ఆ సామి చేతిలో చీపురెందుకుంది నాయనా?" అని అడిగింది. ఇన్నేళ్లుగా ఆ స్వరూపం ముందు మోకరిస్తున్నాం గానీ మాలో ఎవరికీ సరైన జవాబు రాలేదు. ఫాదర్ గారు అప్పుడు చెప్పింది కొత్త సభ్యుల కోసం ఇక్కడ రాస్తున్నాను.

మార్టిన్ గారు 1579లో పెరూ దేశం, లీమా నగరంలో పుట్టారు. తండ్రి స్పెయిన్ దొర. తల్లి బానిసత్వం నుంచి విడుదలైన నల్లజాతి స్త్రీ. బిడ్డకు తల్లి రంగు వచ్చిందని తండ్రి చాలాకాలం తన కొడుకని ఒప్పుకోలేదు. జ్ఞానస్నానం పుస్తకంలో తండ్రి ఎవరో తెలియదనే రాశారు. పన్నెండేళ్ల వయసులో ఒక క్షురకుడి దగ్గర పని నేర్చుకోవడానికి చేరారు. ఆ కాలంలో అక్కడ క్షవరం చేసే మనిషే గాయాలు కట్టేవాడు, మందులు కలిపేవాడు. మన ఊళ్లలో కూడా ఒకప్పుడు సెగ్గడ్డలు కోసి కట్టు కట్టింది నాయీ బ్రాహ్మణులే కదా.

పదిహేనేళ్లకు డొమినికన్ సన్యాసుల మఠానికి వెళ్లారు. నల్లజాతి వాళ్లను, ఆదివాసులను, వాళ్ల సంతానాన్ని పూర్తి సభ్యులుగా తీసుకోకూడదని అప్పటి చట్టం. అందుకని పనివాడిగా చేరి గదులు ఊడ్చారు, బట్టలు ఉతికారు, రోగులకు సేవ చేశారు. ఇరవై నాలుగో ఏట గానీ ఆయన్ని మఠ సోదరుడిగా చేర్చుకోలేదు. అప్పుడూ చీపురు వదల్లేదు. 1639లో కన్నుమూస్తే, 1962 మే 6న పోపు 23వ జాన్ గారు పునీతుడిగా ప్రకటించారు. మధ్యలో 323 ఏళ్లు గడిచాయి.

ఒకసారి మఠం అప్పులపాలై, పెద్దలు సామాన్లు అమ్మబోతుంటే, "నన్ను అమ్మండి, నేనూ మఠం సొత్తునే" అని ఎదురెళ్లారని చెబుతారు. ఇది విన్నాక గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. వాకిట్లోకి కూడా రానివ్వని రోజులు చూసిన పెద్దలు మన సంఘంలో ఇంకా ఉన్నారు. ఆయన వినయానికి చేతులెత్తి మొక్కుతాను. అయినా ఒక మనిషి తనకు తాను అలా ధర కట్టుకోవాల్సి రావడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

ఒళ్లంతా పుళ్లున్న బిచ్చగాణ్ణి తన మంచం మీదే పడుకోబెట్టిన సంగతీ ఆ రోజే విన్నాం. తోటి సోదరుడు మందలిస్తే, దుప్పటి మురికి సబ్బుతో పోతుందని, దిక్కులేనివాడి మీద కాఠిన్యం చూపితే ఆత్మకంటిన మరక ఎన్ని కన్నీళ్లకూ పోదని ఆయన అన్నారట.

లైట్లు ఒక్క వరసకు తగ్గించాం. మిగిలిన డబ్బుతో దూది, గాజుగుడ్డ, సెలైన్ సీసాలు కొని, మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు వారం వారం వెళ్లడం మొదలుపెట్టాం.

మొదటి ఇల్లు చెరువు కట్ట కింద. ఆ వారమంతా ముసురు. తాత ఎడమ పాదానికి షుగర్ పుండు. కట్టు పుండుకు అతుక్కుపోయింది. మన సభ్యురాలైన రిటైర్డ్ నర్సమ్మ దాన్ని లాగలేదు. చుక్క చుక్కగా సెలైన్ పోస్తూ, గుడ్డ నాని దానంతటది వదిలేదాకా పీట మీద కూర్చుంది. ఆ వాసనకు నేను ఆగలేక పంచలోకి వచ్చేశాను. మూడో వారానికి బేసిన్ పట్టుకోగలిగాను. "కాళ్లు కడిగేది పెళ్లికొడుక్కి గదమ్మా, నాకెందుకు?" అని తాత అంటుంటే నర్సమ్మ, "పవిత్ర గురువారం ఫాదర్ కడిగితే కూర్చోలా? అట్నే కూర్చో" అంది. పుండు పూర్తిగా మానలేదు గానీ రూపాయి బిళ్లంతైంది. తాత ఇప్పుడు కర్ర పట్టుకుని ఆదివారం పూజకొస్తున్నాడు.

మృతుల పండుగకు ముందు సమాధుల తోటలో సర్కారు తుమ్మ కొట్టించాం. క్రిస్మస్, తపస్సు కాలం ఎప్పటిలాగే జరిగాయి. మార్టిన్ గారు కుక్కకు, పిల్లికి, ఎలుకకు ఒకే పళ్లెంలో పెట్టేవారని విన్న పిల్లలు మే నెల ఎండల్లో వీధి కుక్కలకు నీళ్ల తొట్లు పెట్టారు. వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

లోటు కూడా చెప్పాలి. మొదట ఉత్సాహంగా వచ్చిన కుర్రవాళ్లలో చాలామంది సంక్రాంతి తర్వాత మానేశారు. ఇళ్లకు వెళ్లే భారమంతా ఆడవాళ్ల మీదే పడింది. 1928లో ఏర్పడిన మన నెల్లూరు మేత్రాసనానికి, అంటే బిషప్ గారి పరిధికి, 2028లో నూరేళ్లు నిండుతాయి. అప్పటికి ప్రతి వీధికీ కట్టు కట్టడం నేర్చుకున్న మనిషి ఒక్కరైనా ఉండాలని కమిటీ కోరిక. నర్సమ్మ నేర్పడానికి సిద్ధంగా ఉంది.

జమాఖర్చుల పుస్తకం కోశాధికారి దగ్గరుంది, ఎవరైనా చూడొచ్చు. పాత నూలు చీరలు ఉతికి ఆరేసి వచ్చే ఆదివారం రెండో పూజకు తీసుకురండి. మంచాన ఉన్నవాళ్ల కింద పరచడానికి చాలడం లేదు.

ఇట్లు,
సంఘ కార్యదర్శి