అద్దె ఇళ్ళకి ముందు ఇన్సులేషన్ వేయించండి

ఎడిటర్ గారికి నమస్కారం,

చలికాలం హీటింగ్ బిల్లుల మీద మీ పేపర్లో వస్తున్న లెటర్స్ చదువుతున్నానండి, అందరూ రేట్లు తగ్గించమనో సబ్సిడీ ఇమ్మనో అడుగుతున్నారు, అది న్యాయమే, కానీ ఆ డబ్బుతో కొన్న వేడి కాస్తా పైకప్పులోంచి, కిటికీ సందుల్లోంచి బయటికి పోతుంటే ఏటా మళ్ళీ అదే బిల్లు, మళ్ళీ అదే సబ్సిడీ. ఇల్లు బాగుచెయ్యడానికి డబ్బులివ్వండి అని మాత్రం ఎవరూ గట్టిగా అడగట్లేదు.

అందరికంటే ఎక్కువ నలిగిపోయేది అద్దెకున్నవాళ్ళు. బిల్లు కట్టేది వాళ్ళు, అటక మీద ఇన్సులేషన్ (వేడి బయటికి పోకుండా ఆపే పొర) వేయించాలా వద్దా అని తేల్చేది ఓనరు, ఆయనకి ఆ బిల్లు రాదు కాబట్టి తొందరేం ఉండదు. ఇంగ్లండ్, వేల్స్‌లో 2018 ఏప్రిల్ నుంచి కొత్తగా అద్దెకిచ్చే ఇంటికి ఎనర్జీ రేటింగ్ (ఇల్లు ఎనర్జీని ఎంత పొదుపుగా వాడుతుందో చెప్పే గ్రేడు, 'ఎ' అన్నిటికంటే మంచిది, 'జి' అన్నిటికంటే అధ్వానం) కనీసం 'ఇ' ఉండాలని రూల్ పెట్టారు (కొన్ని మినహాయింపులు ఉన్నాయనుకోండి), అలాంటి రూల్ అన్నిచోట్లా రావాలి.

ఇంకోటి, "కరెంటు ఆదా చేసే హీటర్" అని అమ్ముతుంటారు చూడండి, అది చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కాయిల్ హీటరైనా ఆయిల్ హీటరైనా ఒక యూనిట్ కరెంటుకి ఒక యూనిట్ వేడే వస్తుంది, 2000 వాట్లది ఆగకుండా 5 గంటలు నడిస్తే 10 యూనిట్లు కాలినట్టే. హీట్ పంప్ అయితే బయట గాలిలో ఉన్న వేడిని లోపలికి లాగుతుంది కాబట్టి ఒక యూనిట్‌కి దాదాపు 3 యూనిట్ల వేడి ఇస్తుంది, కాకపోతే సందులు మూయకుండా అది పెట్టించుకుంటే అవసరానికి మించిన పెద్ద మెషిన్ కొనాల్సొస్తుంది, అందుకే ముందు సందులు, అటక, ఆ తర్వాతే మెషిన్. గ్యాస్ హీటర్ ఉన్నవాళ్ళు మాత్రం దయచేసి వెంటిలేటర్లు మూసెయ్యకండి, గ్యాస్ సరిగ్గా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది, దానికి వాసన ఉండదు, ప్రాణాలు పోతాయి.

హీటర్ ఆపేసి దుప్పట్లు కప్పుకోండి అని సలహాలిచ్చేవాళ్ళు కూడా ఒకసారి ఆలోచించాలి, ఇంట్లో కనీసం 18 డిగ్రీల సెల్సియస్ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది, ముసలివాళ్ళకీ చిన్నపిల్లలకీ ఇంకొంచెం ఎక్కువే కావాలి.

ప్రభుత్వం ఆ సబ్సిడీ బడ్జెట్లోంచే కొంత అద్దె ఇళ్ళ ఇన్సులేషన్‌కి పక్కన పెట్టాలి, పని అయ్యాక ఓనర్లు దాని పేరు చెప్పి అద్దె పెంచకుండా కూడా చూడాలి, లేకపోతే బిల్లులో మిగిలిందంతా అద్దెలో పోతుంది.

ఇట్లు,
అద్దె ఇంట్లో ఉంటున్న ఒక పాఠకురాలు