నొప్పి గడిలో అంకె

సంపాదకులకు,

గత ఆదివారం మీ పత్రికలో అమెరికా జ్యూరీల మీద, అంటే కోర్టులో కేసు విని తీర్పు చెప్పే మామూలు పౌరుల బృందాల మీద వచ్చిన వ్యాసం చదివాను. కాఫీ ఒలికితే కోట్లు కురిపించారని, అక్కడ ఒళ్లు కాలడమంటే లాటరీ తగలడమేనని రచయిత సరదాగా రాశారు. నేను తిరుపతిలో ఒక వకీలు గారి దగ్గర 26 ఏళ్లు టైపిస్టుగా పనిచేసి మానుకున్నవాణ్ణి. మొదట టైపు మిషను, తర్వాత కంప్యూటరు. పని మాత్రం ఒకటే, ప్రమాదాల్లో దెబ్బతిన్నవాళ్ల క్లెయిము పిటిషన్లు కొట్టడం. అందుకేనేమో నాకు నవ్వు రాలేదు.

ఆ కాఫీ కథను సగంలో ఆపేశారు. 1992లో న్యూమెక్సికోలో 79 ఏళ్ల ముసలావిడ ఆగి ఉన్న కారులో కూర్చుని, మెక్‌డొనాల్డ్స్ కాఫీ కప్పు మోకాళ్ల మధ్య పెట్టుకుని మూత తీయబోయింది. ఒలికింది. తొడల మీద చర్మం లోపలి పొరల దాకా కాలిపోయింది. ఎనిమిది రోజులు ఆస్పత్రిలో ఉంది, వేరేచోటి చర్మం తీసి అతికించారు. ఆమె అడిగింది 20 వేల డాలర్లు, కంపెనీ ఇస్తానన్నది 800. ఇలా కాలినవాళ్ల ఫిర్యాదులు పదేళ్లలో 700కు పైగా వచ్చాయని విచారణలో బయటపడింది. 1994లో జ్యూరీ నష్టాన్ని 2 లక్షల డాలర్లుగా లెక్కకట్టి, తప్పులో అయిదో వంతు ఆమెదేనని 40 వేలు కోసేసింది. కంపెనీకి శిక్షగా మరో 27 లక్షల డాలర్లు వేసింది. అది వాళ్ల రెండు రోజుల కాఫీ అమ్మకం. జడ్జి ఆ శిక్షను 4.8 లక్షలకు దించారు. చివరికి ఇరుపక్షాలూ రాజీపడ్డాయి, ఎంతకో చెప్పలేదు. లోకం మాత్రం మొదటి అంకెనే పట్టుకుంది. (మన హోటళ్లలో టంబ్లరుతో పాటు దవరా ఇచ్చేది చల్లార్చుకోవడానికే కదా అనిపించింది నాకు.)

జ్యూరీ కావాలని నేను అనడం లేదు. 1959లో హత్యానేరం మోపిన నౌకాదళ అధికారి నానావతి కేసులో బొంబాయి జ్యూరీలో తొమ్మిది మందికి ఎనిమిది మంది నిర్దోషి అన్నారు, హైకోర్టు దాన్ని పక్కన పెట్టింది. ఆ తర్వాత మన దేశంలో ఆ పద్ధతే మూలపడింది. మా ఊళ్లో పన్నెండు మందిని పిలిచి కూర్చోబెడితే ఎవరు ఎవరి మనిషో కోర్టు ఎదుటి టీ బంకు దగ్గరే తేలిపోతుంది.

ప్రమాద పరిహారానికి మనకు ఉన్నది పట్టిక. 2009లో సరళా వర్మ కేసులో సుప్రీంకోర్టు వయసును బట్టి గుణకాలు, అంటే ఏడాది ఆదాయాన్ని ఎంతతో హెచ్చించాలో, ఖాయం చేసింది. పదిహేను నుంచి పాతికేళ్ల వాళ్లకు 18, నలభై దగ్గరికొస్తే 15, అరవై అయిదు దాటితే 5. 2017లో ప్రణయ్ సేథీ తీర్పు అంత్యక్రియలకు 15 వేలు, భర్తనో భార్యనో పోగొట్టుకున్నందుకు 40 వేలు అని రాసి, మూడేళ్లకోసారి పది శాతం పెంచమంది. దీనివల్ల మేలు లేదనను. అంతకు ముందు ఒక కోర్టులో ఒక లెక్క, పక్క కోర్టులో ఇంకో లెక్క. కానీ పట్టికకు అందని గడి ఒకటి ఉంది: ‘నొప్పి, వేదన’. ఆ గడిలో అంకె ఎలా పడేదో నాకు తెలుసు, ఎందుకంటే కొట్టింది నేనే.

గోవిందరాజస్వామి గుడి వీధిలో పూలు కట్టి అమ్ముకునే ఒకామె మా దగ్గరికి వచ్చింది. వయసు 38. రేణిగుంట రోడ్డులో లారీ ఆటోను గుద్దితే ఎడమ చేతి వేళ్లు నలిగాయి. చూపుడు వేలు వంగదు, మధ్యవేలు చాపుకోదు. పనిచేసే చెయ్యి కుడిదే కాబట్టి పెద్ద నష్టం లేదన్నట్టు 12 శాతం వైకల్యమని సర్టిఫికెట్ ఇచ్చారు. వకీలు గారు అది చూస్తుండగానే ఆమె కొంగు ముడి విప్పి అరటినార, నాలుగు కనకాంబరాలు బయటికి తీసింది. పూలు కట్టేవాళ్లకు నారను బిగించి పట్టేది ఎడమ చెయ్యే. కుడిచెయ్యి మెలిక మాత్రమే వేస్తుంది. రెండో మెలికకే నార జారిపోయింది. ఆమె ఏమీ అనలేదు. పూలు ఏరుకుని మళ్లీ కొంగులో ముడేసుకుంది.

నెలకు 6 వేల ఆదాయం, గుణకం 15. పన్నెండు శాతమైతే 1,29,600. వైకల్యం శాతం వేరు, సంపాదన తగ్గే శాతం వేరని 2010లో సుప్రీంకోర్టు రాజ్‌కుమార్ కేసులో చెప్పిన మాటను వకీలు గారు పట్టుకున్నారు. ఆమె కోర్టులోనూ పూలు కట్టి చూపించింది. జడ్జి గారు ఆమెను దగ్గరికి పిలిచి మరీ ఆ చేతిని చూసి 40 శాతం వేశారు. 4,32,000 వచ్చింది. మంచి తీర్పు.

నొప్పి గడిలో మాత్రం నేను 25 వేలు కొట్టాను. ఎందుకు 25 అంటే, దానికి ముందు పిటిషన్‌లో అంతే ఉంది. పాత కాగితం ఎదురుగా పెట్టుకుని పేరు, వయసు, ఎముక మార్చి కొట్టడం మా అలవాటు. అడిగిన 25 వేలూ ఇచ్చారు. తీర్పులో దాని గురించి ఒక్క వాక్యం లేదు. రాత్రిళ్లు ఆ చెయ్యి ఎలా ఉంటుందని మా ఆఫీసులో ఎవరమూ ఆమెను అడగలేదు, కోర్టులోనూ ఎవరూ అడగలేదు. అమెరికాలో ఆ పన్నెండు మంది తప్పే చేయనివ్వండి, కనీసం గదిలో కూర్చుని ఆ ఒక్క ప్రశ్న మీద వాదించుకుంటారు.

వైద్య నిర్లక్ష్యం కేసుల్లోనూ అడిగేవాడుంటేనే అంకె కదులుతుంది. 1990లో హైదరాబాద్ నిమ్స్ ఆస్పత్రిలో ఆపరేషన్ తర్వాత నడుము కింద చచ్చుబడిపోయిన ఇరవయ్యేళ్ల ఇంజినీరింగ్ విద్యార్థి, చక్రాల కుర్చీలో సుప్రీంకోర్టుకు వెళ్లి తన కేసు తనే వాదించుకున్నాడు. జాతీయ వినియోగదారుల కమిషన్ ఇచ్చింది చాలదని 2009లో కోర్టు కోటి రూపాయలు చేసింది. పందొమ్మిదేళ్లు. దాన్ని ఎవరూ లాటరీ అనలేదు.

కాబట్టి జ్యూరీల మీద ఈసారి రాసేటప్పుడు జడ్జి కోసేసిన అంకె కూడా వేయండి. క్లెయిములు వేసే వకీళ్లకు, నా తర్వాత ఆ కుర్చీల్లో కూర్చున్న టైపిస్టులకు నా మనవి ఒకటే: ఆ గడి దగ్గరికి వచ్చేసరికి పాత కాగితం తీసేసి, ఎదురుగా ఉన్న మనిషిని అడగండి.

ఆమె ఇప్పుడూ ఆ వీధిలోనే ఉంది. పూలు కూతురు కడుతుంది, ఈమె మూరలు కొలుస్తుంది. మోచేతి నుంచి మధ్యవేలి కొస దాకా మూర. ఆ వేలు చాపుకోదు కాబట్టి ఈమె మూర రెండంగుళాలు పొట్టి. కొనేవాళ్లు అనకముందే కొలిచిన ప్రతిసారీ ఇంకో నాలుగు పూల మేర వదిలి తుంచుతుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత టైపిస్టు,
కొర్లగుంట, తిరుపతి