జాకెట్ మీద ఎవరి పేరు?

బర్మింగ్‌హామ్

ప్రియమైన నాన్నగారికి,

ప్రభువు నామంలో వందనాలు.

పోయినవారం ఫోనులో మీరు "ఇంతకీ మీరు వీధుల్లో కలిసే ఆ పిల్లల్లో ఎంతమంది మందిరానికి వచ్చారమ్మా?" అని అడిగితే మాట మార్చేశాను. జవాబు నాకు తెలుసు. కానీ సరిగ్గా ఆ ప్రశ్న మీదే ఇక్కడ మూడు చర్చిలు విడిపోయేదాకా వచ్చాయి. రెండు నిమిషాల్లో చెప్పలేక ఉత్తరం రాస్తున్నాను.

మా పనిని ఇక్కడ డిటాచ్డ్ యూత్ వర్క్ అంటారు. పిల్లలు మన దగ్గరకు రావాలని చూడకుండా, వాళ్లున్న చోటికే మనం వెళ్లాలి. పార్కు బెంచీలు, బస్సు స్టాపులు, మూసేసిన దుకాణాల మెట్లు. ఇద్దరిద్దరుగా వెళ్తాం. మాట్లాడటం వాళ్ల ఇష్టం, వద్దంటే ముందుకు నడుస్తాం. యువజన క్లబ్బులో అయితే అల్లరి చేసినవాణ్ణి బయటికి పంపవచ్చు. వీధి వాళ్లది, అక్కడ అతిథులం మేమే. మొదటి ఆరు వారాలు ఏ వేళకు ఎవరు ఎక్కడ చేరతారో చూస్తూ ఊరికే తిరిగాం. మీరు చెప్పిన స్ట్రీట్ పాస్టర్స్ వేరు. అది 2003లో లండన్‌లోని బ్రిక్స్‌టన్‌లో లెస్ ఐజాక్ అనే పాస్టర్‌గారు మొదలుపెట్టినది. వాళ్లు ఎక్కువగా వారాంతపు రాత్రుళ్లు పబ్బుల నుంచి బయటికి వచ్చేవాళ్లకు తోడుంటారు. మాకు వారం వారం అవే ముఖాలు కావాలి.

ఇది ఒక్క చర్చి వల్ల అయ్యే పని కాదు. 2010 తరువాత ఇక్కడి కౌన్సిళ్లు (మన మునిసిపాలిటీల్లాంటివి) యువజన సేవలకు డబ్బు బాగా తగ్గించడంతో ఎన్నో క్లబ్బులు మూతపడ్డాయి. మా దగ్గర ఆంగ్లికన్ చర్చికి గది ఉంది, మనుషులు లేరు. మెథడిస్టులకు సాయంత్రాలు ఖాళీగా ఉన్న రిటైరైన టీచర్లున్నారు. పెంతెకొస్తు సంఘంలో ఆ వీధుల్లోనే పెరిగిన కుర్రవాళ్లున్నారు. శిక్షణ పొంది జీతానికి పనిచేసే ఒక్క మనిషి మాత్రం ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ దగ్గర ఉన్నాడు. నలుగురూ కలిస్తేనే ఒక బృందం.

కలవడం ఎలా మొదలైందో చెబితే మీరు నవ్వుతారు. మొదటి సమావేశంలో రెండు గంటలు జాకెట్ మీద ఎవరి గుర్తు ఎక్కడ ఉండాలన్న చర్చే. చివరికి నాలుగూ వేయించారు. తొలిరాత్రే ఒక అబ్బాయి మమ్మల్ని పైనుంచి కిందికి చూసి, "మీరు ఏ ఫుట్‌బాల్ జట్టు?" అన్నాడు. ఇప్పుడు సాదా జాకెట్లు వేసుకుంటున్నాం.

అసలు గొడవ ఆరు నెలలకు వచ్చింది. మేము మాట్లాడుతున్నది పద్నాలుగు మందితో. ఒక చర్చి తన వార్షిక నివేదికలో ఆ పద్నాలుగు మందినీ తన లెక్కలో రాసుకుంది. ఇంకో చర్చి అదే పద్నాలుగు మందిని చూపించి నిధులకు దరఖాస్తు పెట్టింది. కాగితం మీద పిల్లలు ఇరవై ఎనిమిది మందయ్యారు! ఆ చర్చిల పేర్లు రాయను, రెండూ మంచివాళ్లవే.

అంతకంటే నన్ను బాధపెట్టింది వేరొకటి. ఒక అమ్మాయి నమ్మి చెప్పుకున్న ఇంటి సంగతిని మా వాళ్లలో ఒకరు ప్రార్థన కూటంలో మనవిగా పెట్టారు, మంచి మనసుతోనే. ఆ అమ్మాయి మేనత్త ఆ కూటంలోనే కూర్చుని ఉంది. రెండు నెలలు ఆ పిల్ల మా ఛాయలకు రాలేదు.

అప్పుడు గాని మా నాలుగు సంస్థల మధ్య ఒప్పందం కాగితం మీదకు రాలేదు. మొదట్లో అది అపనమ్మకానికి గుర్తని నేనే వాదించాను, తప్పు నాదే. పిల్లల రక్షణకు నాలుగు సంస్థల నియమాల్లో ఎవరివి పాటించాలి? ఇంట్లో కొడుతున్నారని ఒక పిల్లవాడు చెబితే ఆ రాత్రే ఎవరికి ఫోను చేయాలి? మేము రాసుకున్నవి ఎవరు చదవవచ్చు? పిల్లల సంగతులు ప్రార్థన మనవుల్లోకి రాకూడదని ప్రత్యేకంగా రాశాం. పోలీసులతో మాటలు నెలకోసారి వాళ్ల ఆఫీసులోనే, వీధిలో కాదు; అలా కలుస్తామని పిల్లలకు దాచకుండా చెబుతాం. ప్రార్థన మాత్రం వాళ్లు అడిగితేనే. దీని మీద పెంతెకొస్తు పాస్టర్‌గారు మూడు సమావేశాలు పట్టుబట్టి, చివరికి "అడిగేంత దగ్గరగా ఉండండి" అని సంతకం పెట్టారు. ఆ మాట నాకు ఒప్పందం మొత్తం కంటే నచ్చింది.

ఇక మీ ప్రశ్న. ఒక్కడు వచ్చాడు నాన్నగారూ. డ్రమ్స్ వాయించడానికి, అదీ మా చర్చికి కాదు, పెంతెకొస్తు వాళ్లకు. వాడితో మొదటి నాలుగు నెలలు మాట్లాడింది డెబ్బై ఏళ్ల మెథడిస్టు టీచరమ్మ. వాడు ఎవరి లెక్కలోకి వస్తాడో మీరే చెప్పండి. నాటేవాడొకడు, నీళ్లు పోసేవాడొకడు అని ఎన్నిసార్లు ప్రసంగించారో మీరు!

గురువారం ఆ టీచరమ్మా నేనూ జంట. ఆవిడ నాకంటే వేగంగా నడుస్తుంది. రెండు జతల మేజోళ్లు వేసుకుంటున్నానని అమ్మకు చెప్పండి.

మీ కూతురు