అది స్కాట్లాండ్ బ్యాండు కాదు, బ్రిటనీ బగాద్

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో బ్యాగ్‌పైపులు వాయిస్తున్న నావికుల ఫొటో కింద ‘అనాదిగా వస్తున్న స్కాట్లాండ్ సైనిక బృందం’ అని వేశారు. టోపీ మీద ఎర్ర కుచ్చు ఉంటే ఫ్రెంచి నౌకాదళం అన్నట్టే. ఫ్రాన్స్ పడమటి కొసన ఉన్న బ్రిటనీలో, లోరియాన్ ఊరి పక్క లాన్-బియూఎ నౌకాదళ విమాన స్థావరంలో 1952లో ఏర్పడిన ‘బగాద్’, అంటే బ్యాగ్‌పైపులు, సన్నాయిలు, డ్రమ్ముల బ్రిటనీ మేళం, అది. పొరపాటు పడటంలో వింతేమీ లేదు, వాళ్ల చేతుల్లోని పైపులు నిజంగా స్కాట్లాండ్ రకమే. కానీ వాళ్ల పక్కన కొందరు పొట్టి నల్ల సన్నాయిల్లాంటివి ఊదుతున్నారు. స్కాట్లాండ్ బృందంలో అవి ఉండవు.

ఆ సన్నాయి పేరు బొంబార్డ్. బ్రిటనీ పల్లెల్లో పెళ్లికైనా, తిరనాళ్లకైనా పూర్వం వాయించింది ఇద్దరే. ఒకరిది బొంబార్డ్. పొడవు సుమారు అడుగు, మన సన్నాయికి మల్లే జంట రెల్లు రేకుల్లోంచి ఊదాలి. రెండోవారిది బినియూ కోజ్ అనే చిన్న బ్యాగ్‌పైపు. తోలు తిత్తి, ఒకే ఒక శ్రుతి గొట్టం, జానెడైనా లేని స్వర గొట్టం. బొంబార్డ్ కన్నా ఒక స్థాయి పైన పలుకుతుంది. మన జానపద కళాకారుల తిత్తి శ్రుతి పట్టి ఊరుకుంటుంది, ఇది పాటంతా వాయిస్తుంది. బొంబార్డ్‌కు దమ్మూ పెదవుల పట్టూ విపరీతంగా కావాలి, ఆపకుండా ఊదడం ఎవరివల్లా కాదు. అందుకని బొంబార్డ్ ఒక చరణం వాయించి ఆగుతుంది, బినియూ అదే చరణాన్ని ఒంటరిగా మళ్లీ వాయిస్తుంది, ఆలోగా మొదటాయన ఊపిరి తీసుకుని వచ్చి కలుస్తాడు. ఆడేవాళ్ల కాలు మాత్రం ఆగదు.

రెండు ప్రపంచ యుద్ధాల మధ్య ఈ జంట దాదాపు కనుమరుగైంది. చేతుల మధ్య సాగదీసి వాయించే అకార్డియన్ ఒక్కటుంటే చాలు, ఒక మనిషితో పెళ్లి గడిచిపోతుంది. చర్చి ఫాదర్లు దాన్ని ‘సైతాను పెట్టె’ అని తిట్టినా జనం వినలేదు.

పారిస్‌లో స్థిరపడిన బ్రెటన్లు, అంటే బ్రిటనీ వాళ్లు, 1932లో ఎర్వే లె మెన్ ఆధ్వర్యంలో బ్యాగ్‌పైపు వాద్యకారుల సంఘం పెట్టారు. మూడు శ్రుతి గొట్టాల స్కాట్లాండ్ పైపు బ్రిటనీ వాళ్ల చేతికి రావడం ఆ కాలంలోనే. దానికి బినియూ బ్రాస్ (పెద్ద బినియూ) అని పేరు పెట్టుకున్నారు. 1943లో, జర్మన్ ఆక్రమణ కాలంలో, దోరిగ్ లె వోయే, పోలిగ్ మోంజారె ప్రభృతులు ‘బొదాదెగ్ ఆర్ సోనెరియన్’ అనే వాద్యకారుల సమాఖ్యను స్థాపించారు. యుద్ధం ముగిశాక మోంజారె కారె ఊళ్లో రైల్వే కార్మికులను కూడగట్టి బృందం తయారుచేశాడు. స్కాట్లాండ్ పైపులు, సైడ్ డ్రమ్ములు తీసుకుని, వాటి ముందు బొంబార్డ్‌లను నిలబెట్టడమే సూత్రం. అంటే మీరు ‘అనాదిగా వస్తున్న’ అని రాసిన ఈ బృందరూపం వయసు ఎనభై ఏళ్లలోపే. అనాదిగా వస్తున్నది అందులోని పాట, ఆ పంచుకుని వాయించే తీరు.

ఈ కలయిక అంత తేలిక కాదు. పైపుకు ఉన్నవి తొమ్మిది స్వరాలే, బొంబార్డ్ రెండు స్థాయిల దాకా పోగలదు. పాట తొమ్మిదింటి బయటికి వెళ్లిన చోట పైపులు వాయించే స్వరాలను కింది స్థాయికి దించాలి, లేదా అక్కడ వాటిని ఆపెయ్యాలి. పైపులో గాలి తెగదు, కాబట్టి ఒకే స్వరం రెండుసార్లు రావాలంటే మధ్యలో చిన్న గమకం వెయ్యక తప్పదు. బొంబార్డ్‌కు నాలుకతో కొడితే సరి.

శ్రుతి అసలు తలనొప్పి. స్కాట్లాండ్ పోటీ బృందాలు ఏళ్ల తరబడి శ్రుతి పెంచుకుంటూ పోయి, పాశ్చాత్య కచేరీల్లో బి ఫ్లాట్ అనే స్వరానికి ప్రమాణమైన 466 హెర్ట్జ్‌ను (సెకనుకు 466 కంపనాలను) దాటి 480 దగ్గరికి చేరాయి. బి ఫ్లాట్‌కు చేసిన బొంబార్డ్‌ను అలాంటి పైపు పక్కన పెడితే చెవులు మూసుకోవాలి. రెండూ ఒకే శ్రుతికి చేసినవై ఉండాలి. పైగా వాయించేకొద్దీ పైపు వేడెక్కి శ్రుతి పైకి పోతుంది. అందుకే పైపుల్ని ముందుగా బాగా వాయించి వేడెక్కించాకే శ్రుతి చేస్తారు. రేకును లోపలికి నొక్కితే శ్రుతి పెరుగుతుంది, పైకి లాగితే తగ్గుతుంది. ఒక్క స్వరమే ఎక్కువ పలుకుతుంటే ఆ రంధ్రం పైఅంచున టేపు ముక్క అంటిస్తారు. ఈ ఏకశ్రుతి కోసం పాత జంటల ఊరూరి స్వరస్థానాలు చాలావరకు పోయాయి. బగాద్ బతికించింది నిజమే, చదును చేసిందీ నిజమే.

నేడు బగాద్‌లు అయిదు శ్రేణుల్లో పోటీ పడతాయి. పై శ్రేణికి ఒక విడతలో నిర్ణయించిన ప్రాంతపు బాణీలోనే వాయించాలి, రెండో విడత ఆగస్టులో లోరియాన్ ఉత్సవంలో జరుగుతుంది. ఆ ఉత్సవం అక్కడ జరగడం 1971 నుంచి. బగాద్‌లో పెరిగిన సంగీతకారుడు అలాన్ స్టివెల్ 1972లో పారిస్ ఒలింపియా వేదిక మీద బొంబార్డ్ పక్కన ఎలక్ట్రిక్ గిటారు నిలబెట్టాక పట్నం కుర్రకారు ఇటు తిరిగింది. అన్నట్టు లోరియాన్ రేవు 1666లో ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ కోసం పుట్టింది, మూడేళ్లకే ఆ కంపెనీ మచిలీపట్నంలో కొట్టు తెరిచింది. కోస్తా పాఠకులకు ఆ ఊరు మరీ పరాయిదేం కాదు.

వచ్చే ఆదివారం సవరణ వేసేటప్పుడు ‘స్కాట్లాండ్’ తీసి ‘బ్రిటనీ’ అని పెడితే చాలదు. ‘అనాదిగా’ అన్న మాట కూడా తీసెయ్యండి.

ఒక పాఠకుడు,
కాకినాడ